ఇంటి గాలిలోని సన్నని ధూళికణాలు: కనిపెట్టడం, తగ్గించడం, ఆరోగ్యం కాపాడుకోవడం

హనుమకొండలో మేము అద్దెకుంటున్న ఇంటి వంటగదికి తూర్పున చిన్న కిటికీ ఒకటి ఉంది. పొద్దున ఏడు దాటగానే దానిలో నుండి ఎండ పట్టీలా లోపలికి పడుతుంది, ఆ పట్టీలో రేణువులు తేలుతూ కనబడతాయి. చాలాకాలం ఇంట్లోని కాలుష్యమంటే అదేననుకొని, రోజుకు రెండుసార్లు ఊడ్చి, అల్మారాలు తుడిచి, ఇల్లు శుభ్రంగా ఉందన్న ధీమాతో ఉండేదాన్ని. తరువాత గాలిలోని సన్నని ధూళిని కొలిచే, అరచేతిలో ఇమిడే ఒక గాలి మీటరు కొని వంటగది గూట్లో పెట్టాను. ఎండలో రేణువులు మెరుస్తున్నప్పుడు అందులో అంకె తక్కువగానే ఉంది. పప్పులోకి ఎండుమిర్చి తాలింపు వేసిన అయిదు నిమిషాలకు, ఎండ పట్టీ పక్కకు జరిగి గాలిలో ఏమీ కనబడని సమయంలో, రెండంకెల సంఖ్య మూడంకెలకు ఎగబాకింది. అంతకంటే ఆశ్చర్యం, స్టవ్వు ఆపి గంట గడిచినా పడకగదిలో కూడా ఆ సంఖ్య పూర్తిగా దిగిరాలేదు.

కనబడే దుమ్ముతో నేను చేసిన యుద్ధమంతా వేరొక శత్రువు మీద చేసిందని అప్పుడు అర్థమైంది. ఈ మార్గదర్శిలో చెప్పే పనులకు ఒక వరుస ఉంది: పొగ పుట్టకుండా చూడడం, పుట్టిన పొగను అక్కడికక్కడే బయటికి పంపడం, మిగిలినదాన్ని వడగట్టడం. మూడో పనికి యంత్రం కొనాలి కనుక చాలామంది అక్కడి నుండే మొదలుపెడతారు. వేలకు వేలు ఖర్చు పెట్టి కూడా వారికి ఫలితం దక్కకపోవడానికి కారణం ఆ తలకిందుల వరుసే.

రేణువు పరిమాణం ఎందుకు ముఖ్యం

పీఎం 2.5 అంటే వ్యాసం 2.5 మైక్రాన్లు, అంతకంటే తక్కువ ఉన్న రేణువులు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 50 నుండి 70 మైక్రాన్లు ఉంటుంది కనుక, ఒక వెంట్రుక అడ్డంలో ఇవి ఇరవైకి పైగా వరుసగా పడతాయి. పది మైక్రాన్ల రేణువు కదలని గాలిలో మనిషి ఎత్తు నుండి పది నిమిషాల లోపే నేలకు దిగుతుంది. ఒక మైక్రాను రేణువుకు అదే దూరం దిగడానికి అర రోజుకు పైగా పడుతుంది, ఫ్యాను తిరుగుతున్న గదిలో అయితే అది దిగనే దిగదు. ముతక దుమ్మును ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని తేమ చాలావరకు పట్టుకొని తుమ్ముగా, కఫంగా బయటికి పంపుతాయి. సన్నని రేణువులు మాత్రం ఊపిరితిత్తుల చివరనున్న గాలితిత్తుల వరకు చేరతాయి, వాటిలో అతి సూక్ష్మమైనవి రక్తంలోకీ ప్రవేశిస్తాయి.

అందుకే ఈ కాలుష్యాన్ని దగ్గుకు, ఆయాసానికి మాత్రమే ముడిపెట్టి చూడకూడదు. రక్తనాళాల లోపలి పొర వాయడం వల్ల గుండెపోటు, పక్షవాతం వచ్చే అవకాశం పెరుగుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సరు, దీర్ఘకాలిక శ్వాసనాళాల వ్యాధి, పసిపిల్లల్లో న్యుమోనియా, గర్భిణులకు తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం కూడా దీనితో ముడిపడి ఉన్నాయి. గాలిలోని ధూళికణాలు మనుషులకు క్యాన్సరు కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2013లో నిర్ధారించింది. వంట ఇంధనాల పొగ వంటి ఇంటిలోపలి కాలుష్యం వల్ల 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది మరణించారని, వారిలో 2,37,000 మందికి పైగా అయిదేళ్ళ లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మొదటి అడుగు: వారం రోజుల లెక్క

ఏదైనా కొనడానికి ముందు, మీ ఇంట్లో పొగ ఎప్పుడు, ఎక్కడ పుడుతున్నదో వారం పాటు రాసుకోండి. మీటరు లేకపోయినా ఈ పని చేయవచ్చు. పొద్దున తాలింపు ఎన్ని గంటలకు, అగరువత్తులు ఎన్ని, దోమల చుట్ట ఎంతసేపు, వీధిలో చెత్త ఎప్పుడు తగలబెట్టారు, పక్కింటి నీళ్ళ పొయ్యి పొగ ఏ వేళకు మన కిటికీలో నుండి వచ్చింది, ఇంట్లో ఎవరు ఎప్పుడు దగ్గారు అన్నవి ఒక పాత నోటుబుక్కులో రాస్తే చాలు. నాలుగో రోజుకే మీకొక తీరు కనబడుతుంది.

మీటరు కొంటే దాన్ని కూర్చున్న మనిషి ముక్కు ఎత్తులో, అంటే మూడు నాలుగు అడుగుల మీద, పొయ్యికీ ఫ్యానుకూ కాస్త దూరంగా ఉంచండి. చవక మీటర్లు లేజరు వెలుగు రేణువుల మీద పడి చెదిరే తీరును బట్టి లెక్క కడతాయి కనుక, వానాకాలంలో తేమ బాగా ఉన్న రోజుల్లో నీటి తుంపరలనూ ధూళిగా లెక్కించి అంకెను పెంచి చూపుతాయి. కాబట్టి అంకె ఎంత అన్నదాని కంటే, తాలింపుకు ముందూ తరువాతా, కిటికీ తెరిచినప్పుడూ మూసినప్పుడూ అది ఎంత మారింది అన్నది చూడడం మంచిది.

పోల్చుకోవడానికి కొలబద్దలు రెండున్నాయి. మన దేశంలో 2009లో బయటి గాలికి ప్రకటించిన ప్రమాణం ప్రకారం ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 ఇరవైనాలుగు గంటల సగటు 60 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 40 మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచన ఇంకా కఠినమైనది: రోజుకు 15, ఏడాదికి 5. ఇవి సగటులు కనుక తాలింపు వేసిన పది నిమిషాల్లో మీటరు 200 చూపినంత మాత్రాన బెంబేలెత్తవలసిన పనిలేదు. ఆ 200 ఎంతసేపు నిలిచింది, రోజుకు ఎన్నిసార్లు వచ్చింది అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

రెండో అడుగు: వంటగది

సమయమూ డబ్బూ ముందుగా పెట్టవలసిన చోటు ఇదే. గ్యాసు మంటలో పుట్టే ధూళి కట్టెల మంటతో పోలిస్తే చాలా తక్కువ. అయితే నూనె కాగి పొగ రావడం, మిర్చి మాడడం, పెనం మీద పిండి కాలడం వంటివి ఏ ఇంధనం వాడినా రేణువులను పుట్టిస్తాయి. గ్యాసు మంట నుండి నైట్రోజన్ డయాక్సైడు కూడా వెలువడి శ్వాసనాళాలను రేపుతుంది. అంటే గ్యాసు వచ్చింది కనుక వంటగదికి గాలి అక్కరలేదన్న మాట నిలవదు.

ముందు వంట పద్ధతిలో చేయగల మార్పులు చూద్దాం. నూనె పొగలు కక్కే వరకు ఆగకుండా ఆవాలు చిటపటలాడే వేడిలోనే మిర్చి వేసి వెంటనే మూత పెట్టడం, రెండు పూటల తాలింపును వీలైతే ఒకేసారి వేసుకోవడం, నిప్పుల మీద కాల్చే వంకాయను పెరట్లో కాల్చడం వంటివి రూపాయి ఖర్చు లేని పనులు. మన వరంగల్ వంటల్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. సర్వపిండిని గిన్నెకు ఒత్తి, వేళ్ళతో చిల్లులు పెట్టి, చిల్లుల్లో కాసింత నూనె పోసి, మూత పెట్టి సన్న సెగ మీద కాలుస్తాం. ఇల్లంతా కమ్మని వాసన వస్తుంది, మీటరు మాత్రం అంతగా కదలదు. సంక్రాంతికి సకినాలు వేయించే రోజు సంగతి దానికి పూర్తిగా వేరు. అయిదారు గంటల పాటు నూనె కాగుతూనే ఉంటుంది, చుట్టూ పిల్లలు కూర్చొని ఉంటారు. సకినాల పొయ్యిని వాకిట్లోనో మిద్దె మీదనో పెట్టే పాత అలవాటు ఆరోగ్యరీత్యా కూడా సరైనదే. అపార్టుమెంట్లలోకి వచ్చాక మనం వదులుకున్న మంచి అలవాట్లలో అదొకటని నా అభిప్రాయం.

ఇక ఎగ్జాస్ట్ ఫ్యాను. ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న వంటగదిలో 800 ఘనపు అడుగుల గాలి ఉంటుంది. వంట జరిగేటప్పుడు ఆ గాలి గంటకు పదిహేనుసార్లు మారాలనుకుంటే గంటకు 12,000 ఘనపు అడుగులు, అంటే సుమారు 340 ఘనపు మీటర్ల గాలిని లాగే ఫ్యాను కావాలి. ఆ సంఖ్య ఫ్యాను పెట్టె మీద ముద్రించి ఉంటుంది, రెక్కల సైజును కాక దాన్ని చూసి కొనండి. గాలి పదిహేనుసార్లు మారడమంటే నాలుగు నిమిషాలకొకసారి మారడం. గాలి ఒకసారి మారితే పొగ పూర్తిగా పోదు, సుమారు మూడో వంతుకు పైగా మిగులుతుంది. మూడుసార్లు మారితే ఇరవయ్యో వంతు మిగులుతుంది. అందుకే స్టవ్వు ఆపిన తరువాత కూడా ఫ్యానును పదిహేను నిమిషాలు తిరగనివ్వాలి, స్టవ్వు వెలిగించడానికి రెండు నిమిషాల ముందే వేయాలి. స్టవ్వుతో పాటే ఫ్యాను ఆపేస్తే, ఊడ్చిన చెత్తను గడపలోనే వదిలేసినట్లు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఫ్యాను పెట్టించి, పొగ హాల్లోకి రాకూడదని వంటగది తలుపూ కిటికీ రెండూ గట్టిగా మూసి వంట చేశాను. ఫ్యాను మోత తప్ప పొగ పోలేదు. బయటికి వెళ్ళే గాలికి బదులు లోపలికి వచ్చే గాలి లేకపోతే ఫ్యాను దేన్ని లాగుతుంది? ఇప్పుడు పొయ్యికి ఎదురుగా ఉన్న తలుపును బెత్తెడు తెరిచి ఉంచుతాను. గాలి అటునుండి వచ్చి, వంట చేసే మనిషి వీపు మీదుగా పొయ్యిని దాటి, ఫ్యాను గుండా వెళ్ళిపోతుంది. ఇది పని చేస్తున్నదో లేదో చూడడానికి ఒక సన్న కాగితం ముక్కను తలుపు సందులో పట్టుకోండి, అది లోపలికి వంగాలి. ఫ్యాను బయటి మూతి వాషింగు మెషిను పెట్టుకునే మూసిన వసారాలోకి ఉంటే ఆ పొగ తిరిగి ఇంట్లోకే వస్తుంది. చిమ్నీ విషయంలోనూ ఇంతే: గొట్టం ద్వారా బయటికి వదిలే చిమ్నీ పొగను తొలగిస్తుంది, గొట్టం లేకుండా జల్లెడలో వడగట్టి తిరిగి గదిలోకే వదిలేది నూనె జిడ్డును పట్టుకుంటుందే తప్ప సన్నని రేణువులను ఆపలేదు.

కట్టెల పొయ్యి ఉన్న ఇళ్ళలో

కిర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త 1980ల ఆరంభంలో గుజరాత్ గ్రామాల్లో వంట చేసే స్త్రీల ఒంటికే పరికరాలు అమర్చి, వారు పీల్చే పొగను కొలిచారు. వంటపొగ ఎంత పెద్ద ఆరోగ్య సమస్యో ప్రపంచానికి తెలిసిరావడంలో ఆ కొలతల పాత్ర పెద్దది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్జ్వల పథకం గ్యాసును పల్లెలకు తెచ్చాయి. అయినా ములుగు, ఆసిఫాబాద్ వైపు చాలా ఇళ్ళలో గ్యాసు పక్కన కట్టెల పొయ్యి కూడా మిగిలే ఉంది. అన్నం గ్యాసు మీద, స్నానానికి నీళ్ళు కాగే కాగు కట్టెల మీద. ఈ నీళ్ళ పొయ్యిని ఎవరూ వంటలో లెక్కపెట్టరు, కానీ చలికాలం తెల్లవారుజామున అది ఇంటి గోడను ఆనుకొని గంటసేపు పొగలు కక్కుతుంది.

పూర్తిగా మానడం వీలుకాకపోతే దాన్ని పడకగది కిటికీకి, తలుపుకు వీలైనంత దూరంగా, గాలి వీచే దిక్కు చూసి మార్చండి. కట్టెలను కనీసం ఒక ఎండాకాలమంతా ఎండబెట్టి వాడండి, పచ్చి కట్టె పొగ ఎన్నో రెట్లు ఎక్కువ. ప్లాస్టిక్ కవరుతో అంటించడం మానండి. గోదావరిఖని, మందమర్రి వంటి బొగ్గు గనుల ఊళ్ళలో బొగ్గు పొయ్యి వాడేవారు దాన్ని ఇంటి లోపలికి అసలు తేరాదు, ఇంట్లో మండించే బొగ్గు పొగ కూడా క్యాన్సరు కారకాల జాబితాలో ఉంది.

ఆదిలాబాద్ చలికి కుంపటి పెట్టుకొని తలుపులు బిగించి పడుకునే అలవాటు గురించి వేరుగా హెచ్చరించాలి. కుంపటి నిప్పుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఏ గాలి యంత్రమూ దాన్ని వడగట్టలేదు. కుంపటి ఆరుబయటే ఉండాలి.

మూడో అడుగు: దేవుని గది, దోమల చుట్ట

మా అత్తమ్మ రోజూ సాయంత్రం ఊదు వేస్తుంది. మీటరు కొన్న వారంలో నేను ఏదో గొణిగితే, "ఏందమ్మా, దేవునికి ఊదు పొగ గూడ వద్దంటవా?" అన్నది. "వద్దంటలేను అత్తమ్మా, కిటికీ తెరిచి వేద్దాం, మూడు పుల్లలకు బదులు ఒక్కటి పెడదాం" అన్నాను. ఆమె మీటరు వైపు చూసి, అంకె పెరుగుతుంటే నవ్వి, కిటికీ తానే తెరిచింది. ఇలాంటి విషయాల్లో వాదన కంటే ఒక్కసారి చూపించడం మేలని నా అనుభవం. ఊదు వేసిన గదిలో ఆ అరగంట పసిపిల్లలనూ ఉబ్బసం ఉన్నవారినీ కూర్చోబెట్టకూడదు.

దోమల చుట్ట మీద మాత్రం నేను రాజీపడను. ఒక చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సన్నని ధూళి బరువు 75 నుండి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. మూసిన గదిలో, పిల్లల మంచం కింద, రాత్రంతా కాలేది అది. కిటికీలకు జాలీ, మంచానికి దోమతెర, మంచం మీదికి బల్లఫ్యాను గాలి ఉంటే చుట్ట అవసరం తీరుతుంది. వేపాకు పొగ సహజమైనది కనుక మంచిదన్న మాట కూడా నిజం కాదు, ఊపిరితిత్తులకు పొగ ఏ ఆకుదైనా పొగే.

నాలుగో అడుగు: కిటికీ ఎప్పుడు తెరవాలి

చలికాలం రాత్రుళ్ళు నేల చల్లబడి, దాని మీది గాలి కూడా చల్లబడి పైకి లేవదు, ఆ పైనున్న వెచ్చని గాలి ఒక మూతలా పొగను కిందే పట్టి ఉంచుతుంది. అందుకే కార్తీకం నుండి మాఘం వరకు తెల్లవారుజామునా రాత్రీ బయటి గాలి మురికిగా ఉంటుంది, ఎండెక్కి పదకొండు దాటాక శుభ్రపడుతుంది. ఆ నెలల్లో ఇల్లు తెరవవలసింది మధ్యాహ్నం. వానాకాలం పంట కోతల తరువాత, మళ్ళీ యాసంగి కోతల తరువాత, హార్వెస్టరు వదిలిన వరికొయ్యలకు నిప్పు పెట్టే రోజులుంటాయి. ఆ సాయంత్రాలు కిటికీలు మూసి, తలుపు కింది సందులో తడిబట్ట పెట్టండి. దీపావళి రాత్రికీ ఇదే. వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఉండేవారికి మిర్చి రాక మొదలైన దగ్గర నుండి ఘాటు తెలిసిందే. అందులో ఎక్కువ భాగం ముతక ధూళి, తుమ్ములూ కంటిమంటా తెస్తుంది, కిటికీకి సన్నని జాలీ ఉంటే కొంత ఆగుతుంది.

ఎండాకాలం కూలరు మరో సంగతి. అది బయటి గాలిని లోపలికి తోస్తుంది. తడి గడ్డి ముతక దుమ్మును పట్టుకుంటుంది, సన్నని పొగను పట్టుకోలేదు. పక్కన చెత్త తగలబెడుతుంటే కూలరు ఆ పొగను నేరుగా మంచం మీదికి తెస్తుంది కనుక ఆ కాసేపు ఆపేయాలి. ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది, దాని జల్లెడ కూడా సన్నని రేణువులకు చాలదు.

అయిదో అడుగు: ఊడ్పు, ఇంట్లో పనులు

పొడి చీపురు నేల మీది దుమ్మును తిరిగి ముక్కు ఎత్తుకు లేపుతుంది. ముందు తడిబట్టతో తుడిచే అలవాటు చేసుకోండి, తప్పనిసరిగా ఊడ్వవలసి వస్తే ఫ్యాను ఆపి, పిల్లలను బయటికి పంపి ఊడ్వండి. జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఇళ్ళలో తంబాకు పొడి చేటలో నుండి ఎగిరి పక్క మీద, అన్నం గిన్నెల మీద పడుతుంది. చేటను వరండాకు మార్చి, పని అయ్యాక ఆ చోటును తడిగా తుడవాలి, చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకొని చుట్టరాదు. సిరిసిల్ల మరమగ్గాల షెడ్డు ఇంటికి ఆనుకొని ఉంటే మధ్య తలుపు మూసి ఉంచి, షెడ్డు బట్టలతో పడకగదిలోకి రాకుండా ఉండాలి.

ఆరో అడుగు: గాలి శుద్ధి యంత్రం, అవసరమైతేనే

ఇంట్లో ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారో పసిబిడ్డో ఉంటే ఒక్క పడకగదికి యంత్రం పెట్టడం అర్థవంతమే, ఎందుకంటే రోజులో మూడో వంతు అక్కడే గడుస్తుంది. అతి సన్నని రేణువులను కూడా పట్టుకునే హెపా జల్లెడ ఉన్నదే కొనాలి, ఓజోన్ వదిలేదీ సువాసన చిమ్మేదీ వద్దు. పన్నెండు, పది, పది అడుగుల గదిలో 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు అయిదుసార్లు వడగట్టాలంటే గంటకు 170 ఘనపు మీటర్ల సామర్థ్యం కావాలి. పెట్టె మీద రాసే సంఖ్య అతి వేగంలో తిరిగినప్పటిది, ఆ మోతలో ఎవరూ నిద్రపోలేరు. కాబట్టి అంతకు ఒకటిన్నర, రెండు రెట్లున్న యంత్రాన్ని తీసుకొని మధ్య వేగంలో నడపండి. దాన్ని గోడకు అతికించి, మంచం చాటున పెట్టి, తలుపులు బార్లా తెరిచి నడిపితే కరెంటు బిల్లు తప్ప ఏమీ మిగలదు. జల్లెడను ఏటా మార్చే ఖర్చును కొనేముందే లెక్కవేసుకోవాలి.

వైద్యుని దగ్గరికి ఎప్పుడు

రెండు మూడు వారాలకు మించిన దగ్గు, మెట్లెక్కితే కొత్తగా వచ్చే ఆయాసం, రాత్రుళ్ళు పిల్లికూతలు ఉంటే ఊపిరితిత్తుల వైద్యుని దగ్గర ఊదుడు పరీక్ష, అంటే స్పైరోమెట్రీ చేయించుకోవాలి. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న స్త్రీలకు సిగరెట్ ముట్టకపోయినా దీర్ఘకాలిక శ్వాసవ్యాధి రావచ్చు. ఆ సంగతి వైద్యులు అడగకపోయినా మీరే చెప్పండి, మొదటి అడుగులో రాసిన నోటుబుక్కును వెంట తీసుకెళ్ళండి. ఇంటి గాలి బాగుపడిందని ఇన్హేలరును సొంతంగా మానరాదు. ఛాతీలో పట్టేసినట్లు నొప్పి, మూతి ఒక పక్కకు వంకర పోవడం, బిడ్డ ఊపిరి తీసేటప్పుడు డొక్కలెగరేయడం కనబడితే ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి.

నెలనెలా చేయవలసినది

ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల మీద జిడ్డు పేరుకుంటే అది లాగే గాలి తగ్గుతుంది, ఆ తగ్గడం చెవికీ కంటికీ తెలియదు. నెలకొకసారి స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసి, రెక్కలను వేడినీళ్ళలో ముంచిన బట్టకు సబ్బు రాసి తుడవండి, జిడ్డు మొండిదైతే కుంకుడు రసం పనిచేస్తుంది. బాగా ఆరాక తిరిగి వేసి, తలుపు సందులో కాగితం ముక్క పట్టి చూడండి. మా ఇంట్లో ఈ పని అమావాస్య మరునాడు చేస్తాం, కాగితం పట్టుకోవడం మాత్రం మా అత్తమ్మ వంతు.